ఓల్మెక్ తవ్వకాల పని: అపోహలు - వాస్తవాలు

మూడు వేల ఏళ్ల కిందట మెక్సికో గల్ఫ్ తీరంలో బతికిన ఓల్మెక్ జనం గురించి పని చేస్తానని చెప్పగానే ఎవరైనా ముందు అడిగేది వాళ్లు చెక్కిన పెద్ద రాతి తలల గురించే. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: మీ పనంతా తలలు వెలికితీయడమే కదా!

వాస్తవం: ఇప్పటిదాకా దొరికినవి 17 తలలు. జీవితమంతా ఈ రంగంలో ఉన్నా కొత్త తల కంటపడకపోవచ్చు. రోజూ మా చేతుల్లో ఉండేవి కుండపెంకులు. వాటిని కడగాలి, నంబర్లు వేయాలి, అంచు, మందం, రంగు చూసి వేరు చేయాలి. తవ్వకం కొన్ని వారాల్లో అయిపోతుంది, పెంకుల పని నెలల తరబడి సాగుతుంది. నాకు మాత్రం ఇదే ఇష్టమైన భాగం. ఓల్మెక్‌ల పెద్ద పట్టణమైన శాన్ లోరెంజోలో దొరికిన పెంకులను ల్యాబ్‌లో పరీక్షిస్తే కోకో ఆనవాళ్లు బయటపడ్డాయి. క్రీస్తుకు వెయ్యేళ్లకు ముందే వాళ్లు కోకో తాగేవారని అలా తెలిసింది. ఈ ముక్క మొదటిసారి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

అపోహ: ఆ ముక్కులు, పెదవులు చూస్తే తెలియడం లేదా, వాళ్లు ఆఫ్రికా నుంచి వచ్చారని?

వాస్తవం: ఇది చాలా పాత మాట. తొలి తల గురించి 1869లో రాసిన హోసే మెల్గార్ దాన్ని ఇథియోపియా ముఖమన్నాడు. ఆ తర్వాత ఎన్ని తవ్వకాలు జరిగినా, ఓల్మెక్ కాలపు పొరల్లో ఆఫ్రికా వస్తువు ఒక్కటీ దొరకలేదు. రాయి కూడా అక్కడి టుష్ట్లా కొండల బసాల్టే, అంటే అగ్నిపర్వతపు నల్లరాయే. శాన్ లోరెంజోకి దాదాపు 60 కిలోమీటర్ల దూరం నుంచి, బండి చక్రం గానీ పశువుల సాయం గానీ లేకుండా, మనుషులే తెచ్చారు. అలాంటి ముఖాలు ఈరోజుకీ మెక్సికోలోని వెరాక్రూస్, తబాస్కో రాష్ట్రాల ఊళ్లలో కనిపిస్తాయి. వాళ్ల పూర్వీకుల కష్టాన్ని తీసుకెళ్లి ఇంకెవరికో కట్టబెడుతుంటే నాకు బాధేస్తుంది.

అపోహ: అస్థిపంజరాలు పెద్దగా దొరకలేదంటే ఏదో రహస్యం ఉంది.

వాస్తవం: అక్కడి నేలలో ఆమ్లగుణం ఎక్కువ, పైగా వేడి, తేమ. ఎముకలు కరిగిపోతాయి. ఎల్ మనతీ ఊట దగ్గర బురదలో మాత్రం గాలి తగలక చెక్కబొమ్మలు, రబ్బరు బంతులు 3 వేల ఏళ్లకు పైగా నిలిచాయి.

అపోహ: డిగ్రీ ఉంటే వెళ్లి తవ్వేయొచ్చు.

వాస్తవం: మెక్సికో ప్రభుత్వ పురావస్తు సంస్థ అనుమతి లేకుండా గరిట మట్టి కూడా తీయకూడదు. దొరికిన ప్రతి ముక్కా ఆ దేశానిదే. ఈ దారిలోకి రావాలనుకునే మన పిల్లలకు నేను చెప్పేది ఒకటే: ముందు స్పానిష్ బాగా నేర్చుకోండి. రిపోర్టుల కోసమే కాదు, ఊరివాళ్లతో మాట్లాడడానికి. ఎల్ మనతీ బయటపడింది కూడా అక్కడివాళ్లు చేపల చెరువు తవ్వుకుంటున్నప్పుడే.