ఒంటికి పట్టిన ఊరు: ‘ఎక్స్‌పోజోమ్’ అనే మాటకు ముందూ వెనుకా

ఊరు మారినవాడికి జబ్బు చేస్తే ‘ఆ ఊరి నీళ్లు పడలేదు’ అనడం, ఎంతకీ తేరుకోని మనిషిని ‘గాలి మార్పు’ కోసం మరో చోటికి పంపడం మన ఇళ్లలో పాత అలవాటే. ఆరోగ్యం ఒంట్లోనే కాక మనిషి మసలిన చోట్లలోనూ ఉంటుందన్న ఈ ఎరుకకు శాస్త్రం ఒక పేరు పెట్టేసరికి 2005 వచ్చింది. ఆ ఏడాది క్యాన్సర్ పరిశోధకుడు క్రిస్టఫర్ వైల్డ్ ‘ఎక్స్‌పోజోమ్’ అనే మాటను ప్రతిపాదించారు. తల్లి కడుపులో పడ్డప్పటి నుంచి పీల్చిన గాలి, తాగిన నీరు, తిన్న తిండి, చేసిన పని, తగిలిన రసాయనాలు అన్నీ కలిసి దాని కిందికి వస్తాయి. మానవ జన్యుపటం 2003లో పూర్తయింది. జన్యువులను అంత కచ్చితంగా చదవగలుగుతున్నా, పరిసరాల ప్రభావాన్ని కొలిచే సాధనాలు ఆ స్థాయికి చేరలేదన్నదే వైల్డ్ వాదన.

ఇంత ఆలస్యానికి ఒక కారణం మన బేగంపేటలోనే కనిపిస్తుంది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించింది సికింద్రాబాద్‌లో పనిచేస్తున్నప్పుడే. 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఒక జబ్బుకు ఒక కారణం, ఆ కారణాన్ని పట్టుకుంటే జబ్బు దారికొస్తుందన్న పద్ధతి ఎన్నో ప్రాణాలను నిలిపింది గనుక వైద్యం దాన్నే నమ్ముకోవడంలో తప్పేమీ లేదు. అయితే నెమ్మదిగా, ఏళ్ల తరబడి, పది దారుల్లో వచ్చే జబ్బుల దగ్గర ఆ పద్ధతి తడబడింది.

నల్లగొండ ఫ్లోరోసిస్ దానికి మంచి ఉదాహరణ. తాగునీటి ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బును మన దేశంలో మొదట వివరించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి. ఇంతవరకు ఇదీ ఒక కారణం, ఒక జబ్బు కథే. కానీ 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు నల్లగొండ పల్లెల్లో కొత్త రూపాన్ని గమనించారు. ఎదిగే వయసు పిల్లల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతున్నాయి. ఫ్లోరైడ్ కొత్తగా వచ్చింది కాదు, ఈ వంకర మాత్రం కొత్తది. దీనికి వారు చూపిన కారణాల వరుస ఆసక్తికరమైనది. నాగార్జునసాగర్ వచ్చాక భూగర్భజలం పైకి లేచి నేల క్షారగుణం పెరిగింది, దాంతో జొన్న మొక్క మాలిబ్డినమ్ అనే లోహాన్ని ఎక్కువగా పీల్చుకుంది, ఆ జొన్న తిన్నవారి శరీరం నుంచి రాగి ఎక్కువగా బయటికి పోయి, ఫ్లోరైడ్ దెబ్బకు ఎముక మరింత లొంగింది అని వారు భావించారు. ఈ వివరణలో ప్రతి మెట్టూ తుదితీర్పు కాకపోవచ్చు. కానీ నీరు, నేల, పంట, ఆనకట్ట, పిల్లవాడి వయసు కలిస్తేనే ఆ మోకాలు అర్థమవుతుందని చెప్పిన తీరు, ‘ఎక్స్‌పోజోమ్’ అనే మాట పుట్టడానికి మూడు దశాబ్దాల ముందుదే.

వయసు సంగతిని మరింత స్పష్టం చేసింది హైదరాబాద్ పొలిమేర పల్లెల్లో జరిగిన ఒక ప్రయోగం. 1987 నుంచి 1990 దాకా రంగారెడ్డి జిల్లాలోని 29 గ్రామాల్లో 15 గ్రామాల గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా రోజూ పెట్టారు. అప్పటి ఉద్దేశం పుట్టే బిడ్డ బరువు పెంచడం. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వారయ్యాక, 2003–05లో మళ్లీ పరీక్షిస్తే, ఉప్మా అందిన గ్రామాలవారు మిగతా గ్రామాలవారికన్నా సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. వారిలో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాల బిరుసు తక్కువగా ఉంది. రక్తపోటులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. ప్రభుత్వ పథకం కింద పెట్టిన గిన్నెడు ఉప్మా గుర్తు పదిహేనేళ్ల తర్వాత రక్తనాళంలో కనిపించడం నాకైతే ఏ సిద్ధాంతం కన్నా బలమైన రుజువుగా తోస్తుంది.

ఆ పల్లెలనే తీసుకుని తర్వాత గాలిని కొలిచారు. 28 గ్రామాల్లో 3,700 మందికి పైగా పరీక్షించి 2020లో వెలువరించిన పరిశోధనలో, సూక్ష్మ ధూళికణాలు (పీఎం 2.5) ఎక్కువగా ఉన్నచోట నివసించేవారి వెన్నెముకలో, తుంటిలో ఖనిజసాంద్రత తక్కువగా తేలింది. అక్కడ ఆ కణాల సగటు ఘనమీటరుకు 32.8 మైక్రోగ్రాములు. మన దేశ వార్షిక ప్రమాణం 40 కాబట్టి కాగితం మీద ఆ గాలి మంచిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన హద్దు మాత్రం 5.

నగరానికి అటువైపు, పటాన్‌చెరు–బొల్లారంలో, కథ ఇంకోలా నడిచింది. 1961లో ఏర్పడిన ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌తో వేళ్లూనుకున్న మందుల పరిశ్రమ తర్వాతి దశాబ్దాల్లో ఇటు విస్తరించింది. అక్కడి నక్కవాగు కాలుష్యంపై వ్యాజ్యం 1990లో సుప్రీంకోర్టుకు చేరి, చాలా ఏళ్లకు జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు బదిలీ అయింది. 2007లో స్వీడన్ పరిశోధకుడు యోకిమ్ లార్సన్ బృందం, సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు చేరే ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలిన నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రకటించింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఇక్కడ కొలిచింది నీటిని. ఆ నీటి పక్కన ఇరవై, ముప్పై ఏళ్లు గడిపిన మనుషులను, పైన చెప్పిన పల్లెలవారిని చూసినట్టు పుట్టుక నుంచి వెంబడించి చూడటం వేరే పని.

ఆ పని కష్టమైనది కూడా. చాలా రసాయనాలు గంటల్లోనో రోజుల్లోనో ఒంట్లోంచి వెళ్లిపోతాయి కనుక నేటి రక్తపరీక్ష నిరుటి సంగతి చెప్పదు. ఎముకలో చేరిన సీసం దశాబ్దాలు నిలుస్తుంది గానీ, అలాంటివి కొన్నే. ఇక ఆసుపత్రి కేస్ షీట్‌లో సాధారణంగా రాసేది ఇప్పటి చిరునామా. అంతకుముందు ఎక్కడున్నారు, ఏ బోరు నీళ్లు తాగారు, ఏ యంత్రం దగ్గర పనిచేశారు అన్నది అడిగే డాక్టరు ఉంటే అది రోగి అదృష్టం. పళ్ల ఎనామిల్ ఏర్పడేది దాదాపు ఎనిమిదేళ్లలోపే కాబట్టి, నల్లగొండ ఫ్లోరైడ్ ప్రాంతమైన మర్రిగూడలో పుట్టి పదేళ్లకు ఎల్బీనగర్ చేరినవాడి గార పళ్లలో ఆ ఊరి నీళ్లు యాభై ఏళ్లకైనా కనిపిస్తాయి. పటాన్‌చెరులో పాతికేళ్లు పనిచేసి మియాపూర్‌కు మారినవాడు నోరు తెరిచినప్పుడు డాక్టరుకు అలా చూడగానే తెలిసేదేమీ ఉండదు, కేస్ షీట్‌లో మియాపూర్ అనే ఉంటుంది.