పుస్తకంలోని జవాబు రాకపోతే ప్రయోగం తప్పినట్టేనా? స్కూలు ల్యాబు గురించి అపోహలు - వాస్తవాలు

మన హైస్కూళ్లలో చాలాచోట్ల ప్రయోగం తలకిందులుగా జరుగుతుంది. ఫలితం ముందే రికార్డులోకి ఎక్కుతుంది, పరికరాలు ఆ తర్వాత బల్ల మీదికి వస్తాయి. కింద రాసిన అపోహల్లో సగానికి పైగా ఈ అలవాటులోంచి పుట్టినవే. కళ్లెదుట ఉన్న రీడింగును నమ్మాలా, నమ్మితే ఎంతవరకు నమ్మాలి అన్నది తేల్చుకోవడమే ల్యాబులో నేర్వాల్సిన అసలు విద్య. అందుకే అరుదైన ప్రయోగాల జోలికి పోకుండా, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా అందరూ చేసేవాటినే తీసుకున్నాం.

అపోహ: నీరు 100 డిగ్రీల దగ్గరే మరగాలి. 98 చూపిస్తే థర్మామీటరు పాడైనట్టే.

వాస్తవం: హైదరాబాదులో 98 రావడమే సరైనది. ఆ ఊరు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది, పీడనం తగ్గితే నీరు ముందే మరుగుతుంది. దాదాపు ప్రతి 300 మీటర్లకు ఒక డిగ్రీ తగ్గుతుందని లెక్క వేసుకోవచ్చు. విశాఖలో సముద్రం ఒడ్డున ఉన్న స్కూల్లో 100 వస్తుంది. హైదరాబాదులో 98 దాటి కొద్దిగా, అరకులోయలో 97 దగ్గర వస్తుంది. హైదరాబాదు విద్యార్థి 98 చూసి 100 అని రాస్తే, కొలిచిన నిజాన్ని చేతులారా కొట్టేసినట్టు.

థర్మామీటరు నిజంగానే తప్పు చూపిస్తూ ఉండొచ్చు. ఆ సంగతి తేల్చడానికి పది నిమిషాలు చాలు. ఐసును చిన్న ముక్కలుగా కొట్టి బీకరు నింపండి. ముక్కల మధ్య ఖాళీలు నిండేంత నీళ్లు మాత్రమే పోయండి. బల్బు పూర్తిగా ఐసులో మునిగేలా థర్మామీటరు పెట్టి మూడు, నాలుగు నిమిషాలు ఆగండి. 0 చూపాలి. 1 చూపిస్తే ఆ చుట్టుపక్కల రీడింగుల్లోంచి 1 తీసేయాలి. ఇక మరిగే నీటిలో పెట్టేటప్పుడు బల్బు బీకరు అడుగుకు తగలకూడదు, అడుగు నీటికంటే వేడిగా ఉంటుంది. స్టాండుకు బిగించి, నిమిషానికోసారి రీడింగు రాసి, గ్రాఫు గీయండి. గీత ఎక్కడ అడ్డంగా సాగిందో అదే మీ ఊళ్లో నీటి మరిగే స్థానం.

అపోహ: నీళ్ల పళ్లెంలో వెలుగుతున్న కొవ్వొత్తి మీద గ్లాసు బోర్లిస్తే లోపల నీరు పైకి లేస్తుంది. ఆక్సిజన్ ఖర్చయిన మేరకు, అంటే ఐదో వంతు, నీరు ఎక్కుతుంది.

వాస్తవం: ఈ వివరణను తరతరాలుగా చెప్పుకుంటూ వస్తున్నాం, కానీ ఇది తప్పు. గ్లాసులో ఇంకా చాలా ఆక్సిజన్ మిగిలి ఉండగానే కొవ్వొత్తి ఆరిపోతుంది. ఖర్చయిన ఆక్సిజన్ స్థానంలో కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వస్తాయి. కార్బన్ డయాక్సైడ్ అంత తక్కువ సమయంలో చెప్పుకోదగ్గంతగా నీటిలో కరగదు. నీరు లేవడానికి ముఖ్య కారణం వేడి. మంట చుట్టూ ఉన్న గాలి వ్యాకోచించి ఉండగా గ్లాసు బోర్లిస్తాం, కొంత గాలి బుడగలుగా బయటికి కూడా పోతుంది. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, ఆవిరి నీరవుతుంది. అప్పుడు బయటి గాలి పీడనం నీటిని లోపలికి తోస్తుంది.

దీన్ని మాట మీద నమ్మక్కర్లేదు, పిల్లల చేతే తేల్పించవచ్చు. నీళ్లలో కాస్త రంగు కలపండి. మంట ఆరిన క్షణంలో నీటి మట్టం దగ్గర గ్లాసు మీద స్కెచ్ పెన్నుతో ఒక గీత, రెండు నిమిషాల తర్వాత ఇంకో గీత పెట్టండి. ఆక్సిజన్ ఖర్చే కారణమైతే మంట వెలుగుతున్నంతసేపూ నీరు నిలకడగా ఎక్కి, ఆరగానే ఆగాలి. జరిగేది దానికి దాదాపు వ్యతిరేకం, ఆరాకే గబగబా ఎక్కుతుంది. తర్వాత అదే గ్లాసు కింద రెండు కొవ్వొత్తులు, ఆపైన మూడు పెట్టి చూడండి. గ్లాసులో ఆక్సిజన్ మారలేదు, అయినా నీరు ఇంకా ఎత్తుకు లేస్తుంది. ఒక వివరణను అది తప్పయ్యే అవకాశం ఉన్నచోట నిలబెట్టి చూడటమే శాస్త్రీయ పరిశోధన. తొమ్మిదో తరగతి పిల్లలకు ఆ పద్ధతిని ఇంతకంటే చవకగా నేర్పే ప్రయోగం ఇంకోటి లేదని మా అభిప్రాయం.

గాలిలో ఆక్సిజన్ వంతు నిజంగా కొలవాలంటే ఇనుపరజను వాడండి. పరీక్షనాళిక లోపలి గోడను తడిపి, రజను చల్లి అంటుకోనివ్వండి. నాళికను నీళ్ల బీకరులో బోర్లించి ఒకటి రెండు రోజులు కదపకుండా ఉంచండి. తుప్పు పట్టే క్రమంలో ఆక్సిజన్ పోతుంది. 15 సెంటీమీటర్ల నాళికలో నీరు సుమారు 3 సెంటీమీటర్లు ఎక్కుతుంది. కొలిచే ముందు లోపలి, బయటి నీటి మట్టాలు సమానమయ్యేలా నాళికను కిందికి దించాలి, లేకపోతే లోపలి పీడనం వేరుగా ఉండి లెక్క తప్పుతుంది. మొదటి కొలత, చివరి కొలత రోజులో ఒకే వేళప్పుడు తీస్తే గది వేడి తేడా కూడా పెద్దగా ఉండదు.

అపోహ: ఎక్కువ రీడింగులు తీసి సగటు కడితే తప్పులన్నీ పోతాయి.

వాస్తవం: కొన్ని పోతాయి. ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా వచ్చే తేడాలను సగటు తగ్గిస్తుంది. ప్రతిసారీ ఒకే వైపు లాగే దోషాన్ని సగటు ముట్టుకోలేదు.

తీగ మందం కొలిచే స్క్రూగేజిని చూడండి. దవడలు రెండూ కలిసినప్పుడు తల స్కేలు 5వ గీత దగ్గర ఆగితే 0.05 మిల్లీమీటర్ల ధన శూన్యదోషం ఉన్నట్టు, అంటే మధ్యలో ఏమీ లేకుండానే అంత ఎక్కువ చూపిస్తున్నట్టు. అర మిల్లీమీటరు మందం ఉన్న తీగను ఇరవై చోట్ల కొలిచినా సగటు 0.55 దగ్గరే వస్తుంది. వ్యాసంలో తప్పు 10 శాతం. విశిష్ట నిరోధం లెక్కలో వ్యాసం వర్గంగా వస్తుంది కాబట్టి అక్కడ తప్పు 21 శాతానికి చేరుతుంది. శూన్యదోషం చూడటానికి పట్టేది అర నిమిషం. తీగను పెట్టకముందే చూసి, టేబుల్ పైభాగంలో రాసుకోండి.

దారానికి గోళం వేలాడదీసిన లఘులోలకంలో ఇదే సంగతి ఇంకా లోతుగా కనిపిస్తుంది. పొడవు 100 సెంటీమీటర్లయితే ఒక డోలనానికి సుమారు 2 సెకన్లు పడుతుంది. స్టాప్‌వాచ్ నొక్కడంలో చెయ్యి 0.2 సెకను అటూ ఇటూ అయితే, ఒకే డోలనం కొలిచినవాళ్లకు 10 శాతం తేడా, ఇరవై డోలనాలు కలిపి కొలిచినవాళ్లకు అర శాతం. ఇరవై లెక్కపెట్టమనేది ఇందుకే. అయితే చాలామంది వాచీ నొక్కుతూనే ‘ఒకటి’ అంటారు. అప్పుడు ‘ఇరవై’ అనేసరికి అయ్యింది పంతొమ్మిదే. ఈ ప్రయోగంతో కట్టే గురుత్వ త్వరణం 9.8 రావాల్సింది 10.9 దగ్గర వస్తుంది. ఎన్నిసార్లు చేసినా అంతే వస్తుంది, సగటూ అంతే. నొక్కేటప్పుడు ‘సున్నా’ అనాలి, మొదటి డోలనం పూర్తయ్యాక ‘ఒకటి’.

పొడవును దారం చివరి వరకు మాత్రమే కొలిచి, గోళం వ్యాసార్ధం కలపకపోవడం ఇంకో తప్పు. ఇక్కడ గ్రాఫు ఆదుకుంటుంది. పొడవుకూ ఆవర్తన కాలం (ఒక డోలనానికి పట్టే సమయం) వర్గానికీ గ్రాఫు గీస్తే గీత మూలబిందువు గుండా పోదు, కానీ వాలు మాత్రం సరిగ్గానే ఉంటుంది. ఆ వాలుతో కట్టిన విలువ కూడా సరైనదే. లెక్కపెట్టడంలోని తప్పు అలా కాదు, గీత చక్కగా మూలబిందువు గుండానే పోతుంది, వాలు తప్పుతుంది. ఏ తప్పు గ్రాఫులో బయటపడుతుందో, ఏది దాక్కుంటుందో పిల్లలకు చూపించకపోతే వాళ్లకు గ్రాఫు మార్కుల కోసం గీసే బొమ్మగానే మిగులుతుంది. లోలకాన్ని 10 డిగ్రీలకు మించి పక్కకు లాగకండి. 30 డిగ్రీలు లాగితే ఆవర్తన కాలం దాదాపు 1.7 శాతం పెరుగుతుంది.

సగటు గురించే ఇంకో మాట. 40.2, 40.4, 40.1 సెకన్ల సగటు కాలిక్యులేటరులో 40.23333 అని వస్తుంది. వాచీని పదో వంతు సెకను వరకే చదివారు కాబట్టి 40.2 అని రాయండి.

అపోహ: బీకరు మీద గీతలు ఉన్నాయిగా, దానితోనే కొలవొచ్చు.

వాస్తవం: ఆ గీతలు ఉజ్జాయింపుకే. 100 మిల్లీలీటర్ల బీకరులో 5 మిల్లీలీటర్ల తేడా మామూలు. కొలజాడీ అంతకంటే నయం, బ్యూరెట్ (అడుగున కాక్ ఉన్న పొడవాటి కొలత గొట్టం), పిపెట్ (గీత వరకు పీల్చి నిర్ణీత పరిమాణం తీసే గొట్టం) ఇంకా నయం. దేనిలోనైనా నీటి పైతలం వంపుగా ఉంటుంది, కంటిని ఆ వంపు అడుగుతో సమానమైన ఎత్తులో ఉంచి చదవాలి.

అపోహ: అంశమాపనంలో (టైట్రేషన్, అంటే ఒక ద్రావణాన్ని చుక్కలుగా కలిపి ఇంకోదాని గాఢత కొలవడంలో) గాజు సామాను అంతటినీ, ఏ ద్రావణం పోయబోతున్నామో దానితోనే కడగాలి.

వాస్తవం: బ్యూరెట్, పిపెట్ వరకు నిజం, కోనికల్ ఫ్లాస్కుకు కాదు. బ్యూరెట్లో మిగిలిన నీటి చుక్కలు ద్రావణాన్ని పలచన చేస్తాయి, అందుకే దాన్ని ఆ ద్రావణంతోనే కడగాలి. ఫ్లాస్కులోకి పిపెట్ ద్వారా కచ్చితంగా 20 మిల్లీలీటర్ల ఆమ్లం వెళ్తుంది. ముందే ఆ ద్రావణంతో కడిగితే గోడలకు అంటుకున్నది అదనంగా చేరుతుంది. స్వేదన జలంతో కడిగి తడిగా ఉంచినా ఫర్వాలేదు, నీరు చేరినంత మాత్రాన ఆమ్లం పరిమాణం మారదు.

పిపెట్ కొనలో మిగిలిన చివరి చుక్కను ఊదకండి. ఆ చుక్క లోపలే ఉండిపోతుందని లెక్కించే గీత పెట్టారు. కొనను ఫ్లాస్కు గోడకు ఆనించి తీసేస్తే చాలు. నోటితో పీల్చే పద్ధతి మానేసి రబ్బరు బల్బు వాడండి. బ్యూరెట్ నింపాక గరాటు తీసేయాలి, దాని నుంచి మధ్యలో చుక్క జారితే రీడింగు మారుతుంది. కొన దగ్గర గాలి బుడగ ఉంటే మొదలుపెట్టకముందే కాక్ తెరిచి వదిలించాలి. రంగు మారి అంతిమ బిందువు (కలపడం ఆపాల్సిన చోటు) చూపే ఫినాఫ్తలీన్ వాడేటప్పుడు ముదురు గులాబీ రంగు వచ్చిందంటే అంతిమ బిందువు దాటిపోయినట్టే. లేత గులాబీ అర నిమిషం నిలిస్తే చాలు. ఆ తర్వాత గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల రంగు వెలిసిపోయినా ఇంకో చుక్క వేయకూడదు.

అపోహ: చేతిమీద ఆమ్లం పడితే వెంటనే క్షారం రాయాలి.

వాస్తవం: ఇది ప్రమాదకరమైన అపోహ. తటస్థీకరణలో వేడి పుడుతుంది, ఆ వేడి చర్మం మీదే పుడుతుంది. పైగా క్షారం కూడా చర్మాన్ని తింటుంది. కుళాయి కింద పెట్టి కనీసం 15 నుంచి 20 నిమిషాలు ధారగా కడగాలి. ఆమ్లం పడిన బట్టనూ తీసేయాలి. కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టుకుని అంతసేపూ కడిగి, ఆపైన ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నీళ్లు రాని గదిలో ఆమ్లం సీసా మూత తీయకూడదు.

గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని పలచన చేసే పని ఉపాధ్యాయులదే. 500 మిల్లీలీటర్ల ఒక మోలార్ ద్రావణానికి 98 శాతం ఆమ్లం సుమారు 28 మిల్లీలీటర్లు కావాలి. ముందు 400 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకుని, గాజు కడ్డీతో కలుపుతూ ఆమ్లాన్ని కొంచెం కొంచెంగా పోయాలి. చల్లారాక నీటితో 500కు తేవాలి. ఆమ్లంలో నీళ్లు పోస్తే, బరువైన ఆమ్లం అడుగునే ఉండి, పైన నిలిచిన కాసిని నీళ్లు ఒక్కసారిగా మరిగి ఆమ్లంతో సహా ముఖం మీదికి ఎగజిమ్ముతాయి.

అపోహ: ఆకులో పిండిపదార్థం పరీక్షకు స్పిరిటును దీపం మీద నేరుగా మరిగిస్తే పని త్వరగా అవుతుంది.

వాస్తవం: త్వరగా అయ్యేది అగ్నిప్రమాదం. స్పిరిటు సుమారు 78 డిగ్రీలకే మరుగుతుంది, కాబట్టి దానికి మంటే అక్కర్లేదు. బీకరులో నీళ్లు మరిగించి, దీపం ఆర్పి, పక్కకు జరిపి, ఆ తర్వాతే స్పిరిటు, ఆకు ఉన్న పరీక్షనాళికను ఆ వేడినీటిలో ఉంచండి. పత్రహరితం పోయిన ఆకు పెళుసవుతుంది, వేడినీటిలో ఒకసారి ముంచితే మెత్తబడుతుంది. అప్పుడు పరిచి అయోడిన్ వేయాలి. నీలినలుపు రాకపోతే కారణం వెతకండి. పత్రహరితం పూర్తిగా పోలేదా, మొక్కకు ఎండ తగల్లేదా, మైనపు పొరతో దళసరిగా ఉన్న ఆకు తెచ్చారా? ఉల్లి ఆకైతే ఎంత చేసినా రాదు, అది ఆకులో పిండి కాకుండా చక్కెర నిల్వ చేస్తుంది. మందార ఆకు బాగా పనిచేస్తుంది.

అపోహ: మైక్రోస్కోప్‌లో ఎంత పెద్దగా చూపిస్తే అంత బాగా కనిపిస్తుంది.

వాస్తవం: 10 రెట్ల కటకం నుంచి 40 రెట్ల కటకానికి మారితే కనిపించే వలయం వెడల్పు నాలుగో వంతుకు పడిపోతుంది, వెలుగూ తగ్గుతుంది. తక్కువ కటకంతో వెతికి, మధ్యకు తెచ్చి, ఆపైనే మారండి. 40 దగ్గర ఫోకస్ చేసే పెద్ద మరను ముట్టుకుంటే స్లైడు పగలొచ్చు. నల్లటి మందపాటి అంచుతో గుండ్రంగా కనిపించేది కణం కాదు, గాలి బుడగ. కవర్‌స్లిప్‌ను ఏటవాలుగా ఆనించి సూదితో మెల్లగా దించితే బుడగలు రావు.

అపోహ: నీటిమొక్క హైడ్రిల్లా దగ్గరికి దీపం జరిపితే బుడగలు పెరిగాయి. కాంతి పెరిగితే కిరణజన్య సంయోగక్రియ పెరుగుతుందని తేలిపోయింది.

వాస్తవం: ఇంకా తేలలేదు. ఫిలమెంటు బల్బు దగ్గరికి వస్తే కాంతితో పాటు వేడి కూడా పెరుగుతుంది, ఒకేసారి రెండు మారాయి. ఎల్ఈడీ బల్బు వాడండి, లేదా మధ్యలో నీళ్లు నింపిన గాజు పాత్ర అడ్డం పెట్టండి. నీటి ఉష్ణోగ్రతను ప్రతిసారీ రాయండి. నీరు వేడెక్కితే కరిగి ఉన్న గాలి కూడా బుడగలుగా వస్తుంది, కాబట్టి మొక్క లేకుండా అదే అమరిక ఇంకోటి పక్కన ఉండాలి. కాచి చల్లార్చిన నీళ్లు పోస్తే కార్బన్ డయాక్సైడ్ లేక బుడగలు ఆగిపోతాయి, చిటికెడు వంటసోడా వేస్తే సరిపోతుంది. దీపం జరిపిన ప్రతిసారీ రెండు, మూడు నిమిషాలు ఆగి లెక్క మొదలుపెట్టండి. బుడగలన్నీ ఒకే సైజులో ఉండవు, కాబట్టి వీలైతే సంఖ్యకు బదులు పోగైన వాయువు ఎత్తు కొలవండి.

అపోహ: కొట్టివేతలు లేని రికార్డే మంచి రికార్డు.

వాస్తవం: ఫెయిర్ రికార్డు సంగతి ఎలా ఉన్నా, అబ్జర్వేషన్ బుక్కులో పెన్నుతో రాయాలి, చెరపకూడదు. తప్పు రాస్తే కింద ఉన్న అంకె కనిపించేలా ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాయాలి. ఒక రీడింగు మిగతావాటికి దూరంగా పడితే దాన్ని మాయం చేయకుండా చుట్టూ సున్నా చుట్టి, తెలిసిన కారణం ఉంటే పక్కన రాసి, ఆ రీడింగును మళ్లీ తీయండి. ప్రమాణాలు ప్రతి అంకె పక్కనా అక్కర్లేదు, టేబుల్ తలవరుసలో ఒకసారి ఉంటే చాలు. వైవాలో (మౌఖిక పరీక్షలో) అడిగేవారు కూడా ముందు ఈ పుస్తకాన్నే తెరిచి, సున్నా చుట్టిన అంకె గురించి అడగాలి.