సూచీ మైనస్‌లో, పప్పు పైపైకి

రిజర్వ్ బ్యాంక్ వడ్డీ రేట్లు తేల్చేటప్పుడు ఆహార ధరలను పక్కన పెట్టాలన్న వాదన మళ్లీ లేచింది. 2024 జులైలో కేంద్రం ఆర్థిక సర్వే కదిపిన తుట్టే ఇది. 2008లో అమెరికాలో లేమన్ బ్రదర్స్ బ్యాంకు మునిగి ప్రపంచానికి మాంద్యం పట్టిన కథ అందరూ విన్నదే. ఈ తగాదా అర్థం కావాలంటే మాత్రం 2009 జూన్‌ను చూడాలి.

ఆ నెల టోకు ధరల సూచీ పెరుగుదల, ఏడాది కిందటితో పోలిస్తే, మైనస్ 1.6 శాతానికి దిగింది. పది నెలల ముందు అదే పెరుగుదల 13 శాతానికి దగ్గరగా ఉండేది. ఇక ధరలు కుప్పకూలతాయేమోనన్న టెన్షన్ పట్టుకుంది. విజయనగరం జిల్లా గరివిడి వైపు, ఉక్కు తయారీలో కలిపే ఫెర్రో అల్లాయ్స్ చేసేవాళ్లనడిగితే అవుననే అనేవారు. ఉక్కుకు గిరాకీ పోయి వాళ్ల సరుకు ధర పడిపోయింది. విజయనగరం గంటస్తంభం దగ్గర కిరాణా కొట్టులో లెక్క వేరు. కందిపప్పు ధరను పలక మీద చెరిపి, పెంచి రాస్తూనే ఉన్నారు. కిలో కొనేవాళ్లు అరకిలోకు, అరకిలో వాళ్లు పావుకిలోకు దిగారు. ఆ ఏడు వానలు 22 శాతం తక్కువ పడ్డాక సంగతి చెప్పక్కర్లేదు.

ఇద్దరిదీ నిజమే. టోకు సూచీలో దాదాపు 64 శాతం ఫ్యాక్టరీ సరుకులదే. పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీలో అప్పట్లో 46 శాతం తిండిది. అదే జూన్‌లో ఈ రెండో సూచీ పెరుగుదల 9 శాతం పైన ఉంది.

అప్పటి రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ దువ్వూరి సుబ్బారావు. మన పార్వతీపురంలో సబ్ కలెక్టర్‌గా ఉద్యోగం మొదలుపెట్టిన మనిషే. మైనస్ అంకెను చూసి మోసపోవద్దని రిజర్వ్ బ్యాంకే 2009 ఏప్రిల్‌లో చెప్పింది. అయినా 9 నుంచి 4.75 శాతానికి దించిన రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, 2010 మార్చి దాకా పెంచలేదు. వడ్డీ పెంచితే కంది పండుతుందా అన్నది వాళ్ల జవాబు. ఈలోగా తిండి ధరలు కూలి రేట్లకూ పాకాయి. తర్వాత వరుసగా పెంచుకుంటూ 2011 అక్టోబరుకు 8.5 శాతానికి చేర్చారు. ఇంకా ముందే, ఇంకా గట్టిగా బిగించాల్సిందని 2013 ఆగస్టులో సుబ్బారావే ఒప్పుకున్నారు.

ఆ దెబ్బతోనే 2014లో రిజర్వ్ బ్యాంక్ వేసిన ఉర్జిత్ పటేల్ కమిటీ టోకు సూచీని వదిలి, వినియోగదారు కొనే ధరలను లెక్కించే రిటైల్ సూచీని పట్టుకోమంది. 2016లో రిజర్వ్ బ్యాంక్ చట్టం మార్చారు, రిటైల్ ధరల పెరుగుదలకు 4 శాతం లక్ష్యం పెట్టారు. ఇప్పుడు తీసేద్దామంటున్నది ఆ సూచీలోని తిండినే.

2024లో తిండి ధరలే వడ్డీ తగ్గడానికి అడ్డమన్నారు. 2025 అక్టోబరులో రిటైల్ ద్రవ్యోల్బణం (ఆ సూచీ పెరుగుదల) 0.25 శాతానికి పడింది ఆ తిండి చవకవడం వల్లే. దాన్నీ ఇంధనాన్నీ తీసి లెక్కిస్తే 4 శాతం పైనే ఉంది.