పాత చాకుని తోమకండి: అమెరికా జేబు చాకుల మీద అపోహలు – వాస్తవాలు

పెన్సిల్వేనియాలో మేముండే చోట ఫ్లీ మార్కెట్లో, అంటే పాత సామాన్ల సంతలో, నాకో చిన్న బల్ల ఉంది. వారమంతా సాఫ్ట్‌వేర్, శనివారం సానరాయి. జేబు చాకులకి పదును పెడతాను, బాగుచేస్తాను, పాతవి కొని అమ్ముతాను. ఈ మధ్య మనవాళ్లూ వస్తున్నారు. కొత్తగా కొన్న ఇంటి గరాజ్‌లో దొరికిందనో, పక్కింటి పెద్దాయన ఇచ్చాడనో చాకు బల్ల మీద పెడతారు. పెట్టీ పెట్టగానే, "దీనికెంత వస్తుందండీ?" అంటారు. "వాడతారా, దాస్తారా?" అని నేను తిరిగి అడుగుతాను. అది తేలకుండా నేనేం చెప్పినా తప్పే అవుతుంది.

అపోహ: పాతదైతే చాలు, విలువ ఉంటుంది.

వయసు చూసి ఎవరూ కొనరు. రోడ్ ఐలాండ్‌లో ఇంపీరియల్ అనే కంపెనీ రేకు చుట్టిన పిడితో చవక చాకులు లెక్కలేనన్ని చేసింది. పాతవే, కానీ ఏ ఫ్లీ మార్కెట్‌కి వెళ్లినా డబ్బా అడుగున ఒకటి కనిపిస్తుంది. కొనేవాడు వేరే చూస్తాడు. బ్లేడు నిండుగా ఉందా, సాన పట్టీ పట్టీ సగమైందా? మూస్తే టప్‌మని పడుతోందా? పిడి అసలుదేనా? బ్లేడు మొదట్లో కంపెనీ ముద్ర చదవడానికి వస్తోందా?

ఆ ముద్ర చదవడం నాకు భలే సరదా. బ్రాడ్‌ఫర్డ్‌లోని కేస్ కంపెనీ 1970లో ముద్ర కింద పది చుక్కలు వేసి, ఏటా ఒక్కోటి తీసేస్తూ వచ్చింది. 1980లో మళ్లీ పదితో మొదలెట్టింది. అయితే ఆ దశాబ్దంలో పేరులోని ఎస్ అక్షరం మెరుపులా వంకర్లు తిరిగి ఉండేది. అంటే మామూలు ఎస్, ఏడు చుక్కలు ఉంటే 1973. మెరుపు ఎస్‌తో ఏడుంటే 1983. వెనకవైపు 6318 అని ఉందనుకోండి: 6 అంటే ఎముక పిడి, 3 అంటే మూడు బ్లేడ్లు, 18 నమూనా నంబరు. భూతద్దం, మంచి వెలుతురు ఉంటే చాలు, అయిదు నిమిషాల్లో చాకు జాతకం చేతికొస్తుంది.

అపోహ: తళతళలాడేలా తోమితే మంచి ధర పలుకుతుంది.

ఈ తప్పు నేనే చేశాను, అదీ ఏడు చుక్కల 6318 మీద. కొన్నప్పుడు బ్లేడు మీద బూడిదరంగు మచ్చలు, మడత దగ్గర నల్లటి జిడ్డు ఉన్నాయి. అంతకుమించి లోపం లేదు. కొత్త ఉత్సాహం కదా, మెరుగుపెట్టే బఫింగ్ చక్రం మీద పెట్టేశాను. అద్దంలా మెరిసింది. మర్నాడు ఒక పాత వ్యాపారికి చూపిస్తే భూతద్దం తీశాడు, ముద్ర చూశాడు, మాట్లాడకుండా నా చేతిలో పెట్టేశాడు. ఫ్యాక్టరీలో పడ్డ సన్నటి గీతలు పోయాయి, ముద్ర అంచులు కరిగాయి, ఎముక పిడి మీది చెక్కుడు నున్నబడింది. పైగా అంతలా మెరిసే పాత చాకుని చూస్తే ఆ తళుకు కింద ఏం దాచారో అని కొనేవాడికి అనుమానం.

దాచేదైతే మెత్తటి గుడ్డ, చుక్క మినరల్ ఆయిల్, అంతే. కొబ్బరి నూనె వద్దు. ఇక్కడి చలికి గడ్డకడుతుంది, మడతలో పేరుకుపోతుంది. ఇంట్లో ఆవిడ చెప్పినా వినకండి!

అపోహ: సర్టిఫికెట్, చెక్కపెట్టెతో వచ్చిన లిమిటెడ్ ఎడిషన్ అంటే పెట్టుబడి.

కొన్నవాళ్లందరూ అలాగే అనుకుని పెట్టె తెరవకుండా దాచారు. ఇక కొరత ఎక్కడినుంచి వస్తుంది? రైతులు, మెకానిక్కులు జేబులో వేసుకు తిరిగిన మామూలు చాకులు అరిగి, విరిగి, పొలాల్లో పడిపోయాయి. వాటిలో వాడకుండా మిగిలిన ఒకటీ అరా కోసమే అసలు వేట. మన కణుజు (సాంబార్ జింక) కొమ్ము పిడి ఉన్న పాతవాటికైతే ఇంకా గిరాకీ, ఇండియా ఆ కొమ్ముల ఎగుమతి ఆపేసింది కాబట్టి.

అపోహ: అమెరికన్ పేరుంటే అమెరికాలోనే చేసినట్టు.

న్యూయార్క్ రాష్ట్రంలోని పాత చాకుల కంపెనీల్లో ఎలెన్‌విల్‌లోని ష్రేడ్ ఫ్యాక్టరీ 2004లో, కామిలస్ 2007లో మూతపడ్డాయి. పేర్లు వేరేవాళ్లు కొన్నారు, ఇప్పుడు ఆ పేర్లతో వచ్చేవి ఎక్కువగా చైనా సరుకు. ష్రేడ్ అనగానే పర్సు తీయకండి, ముద్రలో దేశం పేరు చూడండి. వాడుకోవడానికైతే చైనాదని తీసిపారేయక్కర్లేదు. దాచుకునేవాళ్లకే ఆ తేడా ముఖ్యం.

అపోహ: నల్లబడిన బ్లేడు పాడైనట్టే.

అమ్మ కత్తిపీట గుర్తుచేసుకోండి. అరటికాయ, మామిడికాయ తరిగి తరిగి నల్లబడింది, పదునుకేమైనా లోటొచ్చిందా? ఇక్కడ టైటస్‌విల్‌లో గ్రేట్ ఈస్టర్న్ అనే కంపెనీ ఇప్పటికీ చాలా చాకులు 1095 అనే కార్బన్ స్టీలుతోనే చేస్తుంది. పళ్లు కోస్తే నీలం, బూడిద, నలుపు రంగులకి తిరుగుతుంది. అది మంచి పొరే, ఉండనివ్వండి. ఎర్రగా, వేలికి గరుగ్గా తగిలేదే తుప్పు. దాన్ని మాత్రం వెంటనే నూనె గుడ్డతో తుడవాలి. తడి తుడిచే ఓపిక లేనివాళ్లు స్టెయిన్‌లెస్ కొనుక్కోవడం మేలు.

అపోహ: తోలు సంచిలో భద్రంగా ఉంటుంది.

నడుముకి పెట్టుకున్నంతసేపూ పర్లేదు. నెలల తరబడి అందులోనే ఉంచితే తోలు తేమ పట్టి బ్లేడుకి తుప్పు, ఇత్తడికి చిలుము తెస్తుంది. సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ పిడి ఉన్న చాకులని మిగతావాటికి దూరంగా పెట్టండి. ఆ పిడి చివికేటప్పుడు వచ్చే ఆవిరి పక్కనున్న చాకుల్ని కూడా తినేస్తుంది.

అపోహ: తెరిచాక బ్లేడు లాక్ అవుతుంది.

బక్ కంపెనీ 1964లో తెచ్చిన 110 అనే నమూనా లాంటివాటికి లాక్ ఉంటుంది. పాత సంప్రదాయపు చాకుల్లో చాలావాటికి ఉండదు, వెనక స్ప్రింగు బిగువే ఆధారం. మొన గుచ్చి తోశారంటే బ్లేడు మీ వేళ్ల మీదకే మడుచుకుంటుంది. పోయినేడాది ఒకాయన చేతికి కట్టుతో వచ్చి మరీ, "స్ప్రింగు లూజైనట్టుందండీ, చూడండి" అన్నాడు. చూశాను, స్ప్రింగు బ్రహ్మాండంగా ఉంది.