జీతాల బాకీ కింద పోయిన జిల్లాలు: నిజాం–కంపెనీ ఒప్పందాలపై అపోహలు, వాస్తవాలు

పరీక్షల గైడ్లలో ఏళ్ల తరబడి తిరుగుతున్న కొన్ని తప్పులను ఒప్పంద పత్రాల్లోని షరతులతో సరిచూద్దాం.

అపోహ: సైన్య సహకార పద్ధతి (ఈస్టిండియా కంపెనీ సైన్యాన్ని దేశీయ రాజు ఖర్చుతో అతని రాజ్యంలో ఉంచడం) గవర్నర్ జనరల్ వెల్లస్లీ సృష్టి.

వెల్లస్లీ దాన్ని పక్కాగా అమలు చేశాడు, అంతే. సైన్యం జీతానికి బదులు భూమి రాయించుకోవడం తెలుగు నేల మీద అంతకు 45 ఏళ్ల ముందే జరిగింది. 1753లో హైదరాబాద్ పాలకుడు సలాబత్ జంగ్ ఫ్రెంచి దళాల ఖర్చు కింద ముస్తఫానగర్, ఏలూరు, రాజమండ్రి, చికాకోల్ (శ్రీకాకుళం) సర్కార్లను ఫ్రెంచి సేనాని బుస్సీకి అప్పగించాడు. జీతాలు శిస్తు మీద ఆధారపడ్డాక, శిస్తు వసూలుకు మళ్లీ సైన్యమే కదలాలి. 1757 జనవరిలో బొబ్బిలి కోట మీద ఫిరంగులు పేలింది అలాంటి వసూళ్ల యాత్రలోనే.

అపోహ: జీతాలు బాకీ పడడంతో 1800లో దత్త మండలాలు పోయాయి.

కాదు. 1798 సెప్టెంబరు ఒప్పందం ప్రకారం 6 పటాలాలకు నిజాం ఏటా 24,17,100 రూపాయలు కట్టాలి. అక్టోబరులో ఫ్రెంచి అధికారుల కింద ఉన్న నిజాం సొంత దళాలను రద్దు చేయించారు. 1800లో పటాలాలను 8కి పెంచి, నగదు వద్దు, భూమి ఇమ్మన్నారు. మైసూరు యుద్ధాల్లో కంపెనీ పక్షాన పోరాడి 1792లో, 1799లో నిజాం సంపాదించిన బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలే కంపెనీకి వెళ్లాయి. బాకీ పడకముందే, ముందు జాగ్రత్తగా తీసుకున్న భూమి ఇది.

అపోహ: 1853లో బేరార్ (నేటి మహారాష్ట్రలోని విదర్భ ప్రాంతం) పోయింది కూడా ఆ పటాలాల జీతాల కోసమే.

అన్నిటికన్నా ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఆ పటాలాల ఖర్చు 1800లోనే దత్త మండలాలతో తీరిపోయింది. బేరార్‌ను మింగింది వేరే సైన్యం, హైదరాబాద్ కంటింజెంట్. 1800 ఒప్పందంలో ఉన్నదల్లా యుద్ధం వస్తే నిజాం 6,000 కాల్బలం, 9,000 గుర్రపు దళం పంపాలన్న షరతు. హైదరాబాద్‌లో కంపెనీ ప్రతినిధి అయిన రెసిడెంట్ హెన్రీ రస్సెల్ కాలానికి అది బ్రిటిష్ అధికారుల కింద శాంతికాలంలోనూ కొనసాగే శాశ్వత సైన్యమైంది. ఖర్చు నిజాంది, అజమాయిషీ రెసిడెంటుది. ఎంతమంది అధికారులుండాలో, వారి జీతమెంతో తేల్చే అధికారం డబ్బు కట్టేవాడికి లేనప్పుడు ఖర్చు ఎలా తగ్గుతుంది?

ఆ లోటు పూడ్చింది హైదరాబాద్‌లోని వడ్డీ వ్యాపార సంస్థ పామర్ కంపెనీ అప్పు. దేశీయ రాజులకు బ్రిటిష్ వాళ్లు అప్పివ్వకూడదన్న చట్టం నుంచి 1816లో గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ ఆ సంస్థకు మినహాయింపు ఇచ్చాడు. సంస్థ భాగస్వామి విలియం రంబోల్డ్ భార్య హేస్టింగ్స్ సంరక్షణలో పెరిగిన యువతి. వడ్డీ ఏటా 25 శాతం దాకా, అంటే నూటికి నెలకు రెండు రూపాయల పైమాటే. చివరికి పామర్ బాకీ తీర్చడానికి ఉత్తర సర్కార్లపై ఈస్టిండియా కంపెనీ తనకు ఏటా కట్టాల్సిన పేష్కష్ (కప్పం)ను 1823లో నిజాం శాశ్వతంగా వదులుకోవలసి వచ్చింది.

అపోహ: నిజాం దుబారా వల్లే ఇదంతా.

దుబారా ఉంది, కాదనలేం. కానీ లెక్క రెండు వైపులా చూడాలి. సికింద్రాబాద్, జాల్నా కంటోన్మెంట్ల ఆబ్కారీ (మద్యం పన్ను) ఆదాయాన్ని కంపెనీయే తీసుకుంది. దాన్ని మినహాయిస్తే కంటింజెంట్ జీతాల కింద కంపెనీకి పడ్డ 1853 నాటి బాకీ దాదాపు మిగలదని హైదరాబాద్ పక్షం వాదన. మా దృష్టిలో అది గట్టి వాదన.

అపోహ: బాకీ తీరితే భూమి తిరిగొచ్చేది.

1860లో బాకీ రద్దయింది. 1853లో బేరార్‌తోపాటే పోయిన రాయచూరు, ధారాశివ్ తిరిగి వచ్చాయి. పత్తి పండే బేరార్ మాత్రం రాలేదు. అమెరికా అంతర్యుద్ధంతో లాంకషైర్ మిల్లులకు పత్తి కరువైన సమయంలో బేరార్ మీదుగా రైలు పట్టాలు పడ్డాయి. 1870లో ఖాంగాం పత్తి మార్కెట్‌కూ రైలు చేరింది. నిజాం దివాను సాలార్ జంగ్ ఎన్ని అర్జీలు పెట్టినా లాభం లేకపోయింది. 1902లో వైస్రాయ్ కర్జన్ ఏటా 25 లక్షల రూపాయలకు బేరార్‌ను శాశ్వత కౌలుగా రాయించుకున్నాడు.