దాణాలో మందు, లద్దిలో ఈగ

మెరీనా తీరంలో పిల్లలను ఎక్కించుకుని తిరిగే గుర్రాలు ఊరికే నిలబడ్డప్పుడు కూడా తోక విసురుతూ, కాలు నేలకేసి కొడుతూ ఉంటాయి. వాటి కాళ్లమీద వాలి రక్తం పీల్చే కీటకం చూడడానికి ఇంటి ఈగలాగే ఉంటుంది గాని, దాని తలకు ముందు సూదిలాంటి తొండం పొడుచుకుని కనిపిస్తుంది. స్టోమాక్సిస్ అనే ఈ కుట్టే ఈగల్లో ఆడవీ మగవీ రెండూ రక్తం తాగుతాయి.

ఈగలను అదుపు చేయడానికి దాణాలో కలిపే మందులున్నాయని వినగానే, గుర్రం రక్తంలో చేరిన మందు కుట్టిన ఈగను చంపుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ మందు గురి గుర్రంమీద వాలిన ఈగ కాదు, లద్దిలో పెరగబోయే పురుగు. డైఫ్లుబెంజురాన్ అనే మందులో చెప్పుకోదగ్గ భాగం పేగుల గుండా సాగి లద్దితో బయటపడుతుంది. అక్కడ ఆ మందు, గుడ్డునుంచి వచ్చిన పురుగు కుబుసం విడిచి కొత్త చర్మం కట్టుకోవడానికి కావలసిన కైటిన్‌ను తయారు కానివ్వదు. గుర్రం శరీరంలో కైటిన్ ఉండదు కనుక దానికి ఆ బాధ లేదు. సైరోమజైన్ అనే మరో దాణా మందు దారి వేరైనా, అదీ పురుగు కుబుసం విడిచే క్రమాన్నే చెడగొడుతుంది. టెట్రాక్లోర్విన్‌ఫాస్ అనే మూడో మందు మాత్రం నరాలమీద పనిచేసే ఆర్గానోఫాస్ఫేటు రకం పురుగుమందు. అది అడ్డుకునే ఎంజైము గుర్రానికీ ఉంది కాబట్టి, పశువైద్యుడు చెప్పిన మోతాదు దాటకూడదు.

ఇక్కడే అసలు చిక్కు వస్తుంది. మందు లద్దిలో ఉంటుంది గాని, మూత్రంతో తడిసి కుళ్లిన గడ్డిలోనూ, తొట్టికింద ఒలికి పులిసిన దాణాలోనూ ఉండదు. కుట్టే ఈగకు ఎంతో ఇష్టమైన చోట్లు అవే. శాలలోని గుర్రాల్లో కొన్ని మందు తినకపోయినా, తిరువల్లిక్కేణి సందుల్లో తిరిగే ఆవుల పేడ పక్కనే పడి ఉన్నా, ఈగలు అక్కడినుంచి ఎగిరి వస్తాయి. జోరీగల సంగతి మరీ వేరు: వాటి పిల్లపురుగులు నీటి ఒడ్డు బురదలో పెరుగుతాయి కనుక, దాణా మందు వాటిని తాకనైనా తాకదు. 1880లో గ్రిఫిత్ ఇవాన్స్ గుర్రాల రక్తంలో గుర్తించిన సర్రా వ్యాధి క్రిమిని ప్రధానంగా మోసుకు తిరిగేవి ఈ జోరీగలే.

చలిదేశాలలో ఈగల కాలం మొదలుకాకముందే మందు పెట్టడం ఆరంభిస్తారు. చెన్నైలో అలాంటి విరామం ఎక్కడిది? మన ఎండలకు ఇంటి ఈగ గుడ్డు పదిరోజుల లోపే రెక్కల ఈగ అవుతుంది. ఒక్క గుర్రం రోజుకు సుమారు 20 కిలోల లద్ది వేస్తుంది. కనుక మందు పెట్టినా పార పక్కన పెట్టడానికి వీలులేదు.

వెల్లుల్లి పెడితే ఈగలు దరిచేరవన్న మాటకు గట్టి ఆధారం కనబడదు. పైగా, 2005లో వెలువడిన ఒక కెనడా అధ్యయనంలో, ఎండబెట్టిన వెల్లుల్లిని చాలా ఎక్కువగా తిన్న గుర్రాలలో ఎర్రకణాలు దెబ్బతిని రక్తహీనత కనిపించింది. ఆ ఖర్చుతో ఒక టార్పాలిన్ కొనడం నయమని నా అభిప్రాయం. లద్దిని, తడిగడ్డిని శాలకు దూరంగా కుప్పవేసి దానితో బిగించి కప్పితే, కుళ్లేటప్పుడు పుట్టే వేడికి లోపలి పురుగులు చస్తాయి. అంచుల దగ్గర చల్లగా ఉండే పొరను మాత్రం అప్పుడప్పుడూ లోపలికి తిరగవేస్తూ ఉండాలి.