జనరేటర్ ట్యాంకులో పాకుడు

ఆకివీడు వైపు రొయ్యల సాగు చేసే పాఠకుడొకరు అడిగారు: "చెరువు గట్టు మీద జనరేటర్ ఉందండి. కరెంటు పోయినప్పుడే వేస్తాం. ఈ వానల్లో ఫిల్టర్ మార్చిన కొద్ది రోజులకే మళ్లీ మూసుకుపోతోంది. విప్పితే నల్లటి జిగురు. మెకానిక్ డీజిల్ కల్తీ అంటాడు, బంకువాళ్లు కాదంటారు. ఎవరి మాట నమ్మాలి?" అర్ధరాత్రి కరెంటు పోయి, చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగి, జనరేటర్ రెండు దగ్గులు దగ్గి ఊరుకుంటే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో డెల్టాలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఇద్దరి మాటా పక్కన పెట్టి ముందు ఒక గాజు సీసా తీసుకోండి. రాత్రంతా జనరేటర్ వెయ్యకుండా ఉన్న రోజు పొద్దున్నే ట్యాంకు అడుగున డ్రెయిన్ ప్లగ్ వదులు చేసి, మొదట కారేదాన్నే పట్టండి. పైనుంచి ముంచి తీసిన డీజిల్ ఎప్పుడూ శుభ్రంగానే కనిపిస్తుంది, దానితో ఏమీ తేలదు. సీసాని కాసేపు కదపకుండా వెలుతురుకి ఎదురుగా ఉంచండి. పైన డీజిల్, అడుగున నీళ్లు. ఆ రెండూ కలిసే గీత దగ్గర గోధుమరంగు పొర, అంచులు చిరిగి కిందికి వేలాడుతూ కనిపిస్తే విషయం అర్థమైనట్టే. సీసా ఊపి మళ్లీ పెట్టండి. తుప్పయితే గబగబా అడుక్కి దిగుతుంది. ఈ పొర మాత్రం మళ్లీ వచ్చి ఆ గీత దగ్గరే నిలబడుతుంది. గ్లౌజు వేసుకుని ముట్టుకుంటే పాకుడు తగులుతుంది. ల్యాబు రుజువు కావాలంటే ఏటీపీ పరీక్ష ఉంది: ప్రాణమున్న ప్రతి కణంలో ఉండే ఏటీపీకి మిణుగురు పురుగుల ఎంజైము తగిలితే వెలుగొస్తుంది, ఆ వెలుగుని కొలుస్తారు.

దీన్ని నాచు అనేస్తారు గానీ చీకటి ట్యాంకులో నాచు పెరగదు. ఇవి బాక్టీరియా, ఈస్టులు, బూజులు. వీటిలో పేరుమోసింది అమోర్ఫోథెకా రెజినే. 1950, 60లలో జెట్ విమానాల ట్యాంకుల్లో పడి ఇంజనీర్లని తిప్పలు పెట్టిన బూజు ఇదే. దీనికి కిరోసిన్ బూజు అనే పేరు కూడా ఉంది. కాబట్టి కాస్త కిరోసిన్ పోస్తే చచ్చిపోతుందని ఎవరైనా సలహా ఇస్తే నవ్వి ఊరుకోండి.

అసలు డీజిల్‌ని ఎలా తింటాయి? నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. డీజిల్ ఎంత బాగా అంటుకుంటుందో సీటేన్ నంబరు చెబుతుంది. మన బీఎస్-6 డీజిల్‌కి అది కనీసం 51 ఉండాలి. ఆ కొలతలో నూటికి నూరు తెచ్చుకున్నది హెక్సాడెకేన్: 16 కార్బన్లు ఒకే వరసలో, ఎక్కడా పంగ లేకుండా ఉంటాయి. ఇలాంటి కార్బన్, హైడ్రోజన్ గొలుసుల్నే ఆల్కేన్లు అంటారు. అవే 16 కార్బన్లని పంగలు పంగలుగా అమరిస్తే వచ్చే ఐసోసీటేన్‌కి దక్కేది 15. పంగల్లేని గొలుసు వేడికీ ఒత్తిడికీ ఇట్టే అంటుకుంటుంది. స్పార్క్ ప్లగ్ లేని ఇంజనుకి కావలసింది అదే. సూక్ష్మజీవులకి నోరూరించేదీ అదే!

తణుకు వైపు పొలాల్లో చెరుకు గడని తలచుకోండి. దాన్ని కొస నుంచి రెండేసి కణుపుల చొప్పున నరుక్కుంటూ రావాలి. కానీ ఈ కార్బన్ గడ కొస మరీ నున్నన, చేతికి పట్టు దొరకదు. అందుకని ముందు ఆల్కేన్ మోనోఆక్సిజనేజ్ అనే ఎంజైము గాలిలోని ఆక్సిజన్ అణువుని విడగొట్టి, ఒక పరమాణువుని చివరి కార్బన్‌కి తగిలిస్తుంది. రెండోది నీరైపోతుంది. కొసకి పట్టు వచ్చింది. ఆ కొస ముందు ఆల్కహాల్, తరవాత ఆల్డిహైడ్, తరవాత ఆమ్లం అవుతుంది. అంటే హెక్సాడెకేన్ ఇప్పుడు పామిటిక్ ఆమ్లం. చింతలపూడి వైపు తోటల పామాయిల్‌లో దండిగా ఉండేది ఈ ఆమ్లమే. ఇక్కడి నుంచి బీటా ఆక్సిడేషన్ అనే కత్తి ఆడుతుంది, వేటుకి రెండు కార్బన్లు. ఏడు వేట్లు, ఎనిమిది ముక్కలు. ఒక్కో ముక్కా అసిటైల్ కో-ఎ పేరుతో, కణం శక్తి రాబట్టుకునే క్రెబ్స్ చక్రంలోకి పోతుంది. మనం తిన్న నెయ్యి మన కణాల్లో ఖర్చయ్యేదీ ఈ కత్తితోనే. గడకి మధ్యలో పంగ ఉంటే మాత్రం కత్తి అక్కడ ఇరుక్కుంటుంది. అందుకే పంగలున్న అణువులు చివరిదాకా మిగిలిపోతాయి.

ఆల్కేన్లు కెమిస్ట్రీ పీరియడ్‌లో, క్రెబ్స్ చక్రం బోటనీ పీరియడ్‌లో చెబుతారు. రెండిటినీ ఈ డీజిల్ సీసా దగ్గర కలిపి చెబితే పిల్లలు ఎప్పటికీ మరిచిపోరు. బిట్లు బట్టీ పట్టించే కాలేజీలకి అంత తీరికెక్కడిది!

ఈ విద్య వీటికి డీజిల్ ఇంజను వచ్చాక అబ్బింది కాదు. ఆకుల మీది మైనంలో ఆల్కేన్లున్నాయి. సముద్రంలోని సయనోబాక్టీరియా కూడా వాటిని తయారుచేస్తాయి. కోట్ల ఏళ్ల అలవాటు.

ఇంత విద్య ఉన్నా నీళ్లు లేకపోతే వీటి ఆట సాగదు. ఒక్క మిల్లీమీటరు నీటి పొర చాలు, మైక్రాను సైజు బాక్టీరియాకి అది తన పొడుగుకి వెయ్యి రెట్ల లోతు. ఆ నీళ్లు ఎవరూ పొయ్యక్కర్లేదు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకు పగలు వేడెక్కి గాలి వదులుతుంది, రాత్రి చల్లబడి డెల్టా చెమ్మగాలిని పీలుస్తుంది. గోడలకి పట్టిన చెమ్మ అడుక్కి జారుతుంది. ఆపైన ఇంకో చిత్రం: 226 గ్రాముల హెక్సాడెకేన్ పూర్తిగా ఆక్సీకరణ చెందితే 306 గ్రాముల నీరు పుడుతుంది, ఇంజనులో కాలినా, బాక్టీరియా ఒంట్లో కాలినా. బాక్టీరియా అంతా కాల్చెయ్యదు, కొంత ఒంటికి పట్టించుకుంటుంది. అయినా మొదటి చుక్క మీ ట్యాంకు ఇస్తే, తరవాత కొంత అవే సంపాదించుకుంటాయి.

తిన్న డీజిల్ లెక్కలోకి రానంత తక్కువ. ఫిల్టర్‌ని మూసేది వాటి సంతానం, ఆ సంతానం విడిచిన జిగురు. అడుగున ఆక్సిజన్ అయిపోయాక సల్ఫేటుని వాడుకునే బాక్టీరియా దిగుతాయి. లీటరు సముద్రపు నీటిలో సల్ఫేటు సుమారు 2.7 గ్రాములుంటుంది కాబట్టి అంతర్వేది పడవల ట్యాంకుల్లోకి ఉప్పునీటి తుంపర చేరితే వీటికి పండగే. ఇవి వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్‌ది కుళ్లిన కోడిగుడ్డు వాసన. రొయ్యల రైతులకి ఇది కొత్త కాదు, చెరువు అడుగు నల్లమట్టిని కదిపితే వచ్చే గ్యాసు ఇదే, దాన్ని పుట్టించేదీ ఈ రకం బాక్టీరియానే. ట్యాంకులో అయితే ఇది ఇనుముని గుంటలు గుంటలుగా తినేస్తుంది.

జనరేటర్‌కి నిమ్మకాయ, మిరపకాయలు కట్టేవాళ్లతో నాకు పేచీ లేదు, ఖర్చు తక్కువ. పైపుకి అయస్కాంతం బిగిస్తే క్రిములు చస్తాయని వేలు గుంజేవాళ్ల మీదే కోపం. వాటికి చీమ కుట్టినట్టయినా ఉండదు.

వైద్యం నీళ్లు తియ్యడంతో మొదలవ్వాలి. నీళ్లు ఉంచి మందు పోస్తే డబ్బు దండగ. తరవాత డీజిల్ కోసమే చేసిన బయోసైడ్ (సూక్ష్మజీవుల్ని చంపే మందు), ఉదాహరణకి ఐసోథయజోలినోన్ రకం, డబ్బా మీద రాసిన పూర్తి మోతాదులో వెయ్యాలి. సగం వేస్తే గట్టివి బతికి మళ్లీ పుంజుకుంటాయి. బ్లీచింగ్, ఫినాయిల్ జోలికి పోవద్దు. మందు పనిచేశాక చచ్చిన పాకుడు పొరలు పొరలుగా ఊడి వచ్చి ఫిల్టర్లని మరింత మూసేస్తుంది. మందు వికటించిందని కంగారుపడి ఆపెయ్యకండి, స్పేర్ ఫిల్టర్లు దగ్గర పెట్టుకోండి. పాకుడు మందంగా పేరుకుంటే ట్యాంకు ఖాళీ చేసి కడగక తప్పదు. కడిగేటప్పుడు తల లోపల పెట్టవద్దు, ఆ గ్యాసు ప్రాణం తీస్తుంది. తీసిన నీళ్లని కాలవలోకి వదిలితే పక్కవాళ్ల రొయ్యలు పోతాయి. వాటిని డబ్బాలో పట్టి విడిగా ఉంచండి.

ఇక ఆరుబయట నిలబెట్టిన డీజిల్ డ్రమ్ముల సంగతి. డ్రమ్ము పైఅంచు లోపల వాన నీళ్లు నిలుస్తాయి. రాత్రి డ్రమ్ము చల్లబడి మూత సందుల్లోంచి ఆ నీళ్లనే పీల్చుకుంటుంది. నిండు డ్రమ్ముని పడుకోబెట్టి, రెండు మూతలూ గడియారంలో మూడు, తొమ్మిది అంకెలు ఉండే చోట్లకి వచ్చేలా తిప్పండి. లోపలి డీజిల్ మూతల్ని తడిపి ఉంచుతుంది కాబట్టి చెమ్మగాలి దూరదు. సగం వాడేసిన డ్రమ్ముకి ఈ చిట్కా పనిచెయ్యదు, దాన్ని షెడ్డులోకి చేర్చండి.